ఆకు మీది మైనపు పూతను నీళ్ళు నిజంగా కడిగేస్తాయా? చూసి తేల్చుకోవడం ఎలా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ ప్రాజెక్టు కోసం క్యాబేజీ ఆకు మీద రోజూ ఒకే చోట కుళాయి నీటి చుక్కలు వేసి, కాసేపు ఉంచి, దూదితో అద్ది తీసేస్తున్నారు. కొన్ని రోజులకు ఆ చోట బూడిద రంగు పోయి ఆకు నిగనిగలాడుతోంది. మొదట్లో పూసలా నిలబడిన చుక్క ఇప్పుడు చదునుగా పరుచుకుంటోంది. అందుకని "నీళ్ళలో మైనం కరిగిపోతుంది" అని రికార్డులో రాయొచ్చా అని అడిగారు.

అలా రాయకండి. మీరు చూసిన మార్పు నిజమే, కానీ అందులో ఎక్కువ పని చేసింది నీళ్ళు కాదు, దూది. క్యాబేజీ ఆకు మీది మైనంలో ముఖ్యంగా ఉండేవి 29 కార్బన్ల పొడవైన గొలుసులు: నోనకోసేన్ అనే ఆల్కేను, దాని నుంచే వచ్చే ఒక కీటోను. ఇంత పొడవైన కొవ్వు గొలుసులు నీళ్ళలో కరగవు. గంటలకొద్దీ నానబెట్టినా కరగవు. అయితే "నీళ్ళ వల్ల మైనపు పొరకు ఏమీ కాదు" అని రాసినా తప్పే అవుతుంది. నీళ్ళు దాన్ని కరిగించవు కానీ కొట్టి విరగ్గొడతాయి, మీద ఏదో ఒకటి పేర్చి కప్పేస్తాయి, దాని సందుల్లోకి దూరి కాసేపు పనిచేయకుండా చేస్తాయి, చుట్టూ తేమ ఎప్పుడూ ఉంటే మొక్క అసలు మైనం తయారుచేయడమే తగ్గించేస్తుంది. ఈ నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, అంటే చుక్క పరుచుకుంటుంది. ఏది జరిగిందో విడదీసి చెప్పగలిగితే మీ ప్రాజెక్టుకు విలువ వస్తుంది.

ముందు ఆ పొర ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోండి. మీ పాఠ్యపుస్తకంలో అవభాసిని అని చదివిందే క్యూటికల్, ఆకును బయటి నుంచి కప్పే పొర. మందం మొక్కను బట్టి మైక్రానులో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పదోవంతు నుంచి 10 మైక్రాన్లు దాటి కూడా ఉంటుంది. దాని కట్టడమంతా క్యూటిన్. 16, 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు ఒకదానికొకటి ముడిపడి ఏర్పడిన వల అది. ఆ వల సందుల్లో కొంత మైనం నిండి ఉంటుంది, పైన ఇంకొంత మైనం విడిగా పేరుకుంటుంది. గోడతో పోల్చుకుంటే లోపలి మైనం ప్లాస్టరింగ్‌లో కలిసిపోయిన వాటర్‌ప్రూఫింగ్ లాంటిది, పైది వెల్లసున్నం లాంటిది. వెల్ల రాలినంత మాత్రాన గోడ కారదు. ఆకులోని నీరు బయటికి పోకుండా ఆపడంలో లోపలి మైనానికి పెద్ద వాటా ఉంటుంది. బయటి చుక్క ఎలా నిలబడుతుందో నిర్ణయించేది మాత్రం పై మైనమే. మీరు చుక్కను చూసి చెప్పగలిగేది పై పూత గురించి మాత్రమే అన్నమాట.

క్యాబేజీ మీద, అరటి ఆకు అడుగున, యూకలిప్టస్ లేత ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించేది ఈ పై మైనమే. నిజానికి మైనానికి ఆ తెలుపు లేదు. అది మైక్రాన్ స్థాయిలో ఉండే గొట్టాలు, పలకలు, కడ్డీల్లాంటి స్ఫటికాలుగా పెరుగుతుంది. వాటి మీద పడ్డ వెలుగు చెల్లాచెదురవడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. వేలితో ఒక్కసారి రుద్దితే స్ఫటికాలు నలిగి చదునవుతాయి, కింది పచ్చదనం నేరుగా కనిపిస్తుంది. మైనం కొంత వేలికి అంటి ఉండొచ్చు, కానీ చాలావరకు అక్కడే పల్చటి పొరలా ఉంటుంది. అందుకే "తెలుపు పోయింది" అన్నదాన్ని "మైనం పోయింది" అని చదవకూడదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో అందరూ జారే చోటు ఇదే.

ఇప్పుడు చుక్క సంగతి. నీటి అంచు ఆకును తాకే చోట ఏర్పడే కోణాన్ని స్పర్శ కోణం అంటారు. దీని వెనకున్న సూత్రాన్ని థామస్ యంగ్ 1805లోనే చెప్పాడు. నున్నటి మైనం మీద ఈ కోణం సుమారు 100 నుంచి 110 డిగ్రీలు. పదార్థం ఎంత నీటిని విదిలించేదైనా, ఉపరితలం నున్నగా ఉంటే 120 దాటడం దాదాపు అసాధ్యం. మరి తామరాకు మీద 160 దగ్గర ఎలా వస్తుంది? గరుకుతనం వల్ల. గరుకు ఉపరితలం ఈ గుణాన్ని పెంచుతుందని వెంజెల్ 1936లో చూపించాడు. చుక్క కింద గాలి ఇరుక్కుని ఉంటే ఏమవుతుందో కాసీ, బాక్స్టర్ 1944లో లెక్కగట్టారు. తామరాకు మీద కణాలు చిన్న బుడిపెల్లా పైకి ఉబ్బి ఉంటాయి, వాటి మీద మైనపు గొట్టాలు దట్టంగా ఉంటాయి. చుక్క ఆ కొనల మీద మాత్రమే ఆని, మిగతా అంతా గాలి మీద కూర్చుంటుంది. దొర్లుతూ దుమ్మును కూడా ఎత్తుకుపోతుందని బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో వివరంగా ప్రచురించారు. క్యాబేజీ కూడా ఈ కోవకే చెందుతుంది, చేమ ఆకు కూడా.

దీన్నిబట్టి మీకు అందాల్సిన విషయం ఒకటుంది. స్ఫటికాలు నలిగిపోతే మైనం అంతా అక్కడే ఉన్నా కోణం 150 పైనుంచి 110 కి పడిపోతుంది. 110 దగ్గర ఆగితే గరుకుతనం పోయింది, మైనం ఉంది అని అనుకోవచ్చు. 90 కన్నా బాగా కిందికి దిగితేనే మైనం ఊడిపోయిందనో, దాని మీద ఇంకేదో చేరిందనో అనుమానించాలి. ఈ రెండు మెట్లూ విడివిడిగా కనిపించాలంటే "గుండ్రం, చదును" అని మాటల్లో రాస్తే చాలదు, కొలవాలి.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. ప్రతిసారీ అంతే వేయండి. చుక్క పెద్దదైతే సొంత బరువుకే చదునవుతుంది, అది ఆకు తప్పు కాదు. బాగా నీటిని విదిలించే ఆకుల మీద చుక్క సూదిని వదలదు, టెన్షన్ పడి ఆకుకేసి నొక్కకండి. వేలాడే చుక్కను ఆకుకు మెల్లగా తాకించి సూదిని పక్కకు లాగేయండి. ఫోన్ కెమెరాను ఆకుతో సమంగా, సరిగ్గా పక్క నుంచి పెట్టండి. వెనక తెల్ల కాగితం, ఆ కాగితం వెనక దీపం ఉంటే చుక్క అంచు నల్లగా స్పష్టంగా వస్తుంది. ఫొటోలో చుక్క ఎత్తును, అది ఆకును తాకిన అడుగు వెడల్పును కొలవండి. ఎత్తును రెట్టింపు చేసి వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్యకు విలోమ టాన్జెంట్ తీసి, దాన్ని రెట్టింపు చేస్తే అదే స్పర్శ కోణం. ఎత్తు సరిగ్గా వెడల్పులో సగం ఉంటే 90 డిగ్రీలు. చుక్క గోళంలో ఒక ముక్క అన్న ఊహ మీద నడిచే లెక్క ఇది, చిన్న చుక్కలకు బాగానే సరిపోతుంది.

150 దాటాక మాత్రం ఈ లెక్కను నమ్మొద్దు. అడుగు వెడల్పు మరీ చిన్నదై ఫొటోలో పట్టుబడదు. అక్కడ వాలు పరీక్ష మెరుగ్గా పనిచేస్తుంది. ఆకు ముక్కను రెండు వైపులా అంటుకునే టేపుతో అట్ట మీద అతికించి, చుక్క వేసి, అట్ట ఒక కొసను మెల్లగా ఎత్తండి. ఏ కోణం దగ్గర చుక్క దొర్లిందో రాసుకోండి. ఫోన్లలో వాలు కొలిచే యాప్‌లు ఉంటాయి. తాజా తామరాకు మీద కొద్ది డిగ్రీలకే జారిపోతుంది. నా అభిప్రాయంలో కోణం కన్నా ఇదే నమ్మకమైన కొలత. గులాబీ రేకు మీద చుక్క చక్కగా గుండ్రంగా ఉంటుంది కానీ రేకును తలకిందులు చేసినా వదలదు. ఆకారం ఒక్కటే చూస్తే దాన్ని కూడా తామరాకుతో సమానం అనుకుంటాం. పై పూత దెబ్బతిన్నప్పుడు చాలాసార్లు ముందు తగ్గేది దొర్లే గుణం, ఆకారం తర్వాత మారుతుంది. వరి ఆకు తీసుకుంటే ఈనెల వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి వాల్చి చూడండి, రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. అందుకే ఏ ఆకైనా ఎటు వాల్చారో రాయకపోతే ఆ కొలత తర్వాత పనికిరాదు.

నీళ్ళు చేసే పనుల్లో మొదటిది దెబ్బ. 2 మిల్లీమీటర్ల వాన చినుకు నేలకు చేరేసరికి సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో ఉంటుంది, 5 మిల్లీమీటర్లది 9 మీటర్ల దాకా. మైక్రాన్ ఎత్తున్న పెళుసు గొట్టాలకు అది చిన్న దెబ్బ కాదు. అవి వంగుతాయి, విరుగుతాయి, ఒకదాని మీద ఒకటి అణిగిపోతాయి, కొన్ని నీటితో పాటు కొట్టుకుపోతాయి. వానలో తడిసిన పాత ఆకులకు తెల్లపొడి తగ్గడానికి ఇది ఒక కారణం. గాలికి ఆకులు రాసుకోవడం, దుమ్ము గీరడం కూడా తోడవుతాయి. మీరు దీన్ని పరీక్షించాలంటే ఆసుపత్రిలో వాడే సెలైన్ సెట్టు బాగా పనికొస్తుంది. మామూలు సెట్టులో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు. అంటే ఒక్కో చుక్క నాలుగున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, పెద్ద వాన చినుకంత. మీటరు ఎత్తు నుంచి వదిలితే సెకనుకు 4 మీటర్ల వేగంతో పడుతుంది, అసలు వాన కన్నా నెమ్మదే అయినా పోల్చుకోవడానికి సరిపోతుంది. అదే నీటిని, అంతే మొత్తం, ఆకుకు ఆనించి మెల్లగా పారించిన ఇంకో ఆకు పక్కన ఉండాలి. రెండింటికీ తేడా వస్తే ఆ తేడా దెబ్బది, నీటిది కాదు.

రెండోది నానడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరిశీలన ఇక్కడే ఉంది. చేమ ఆకునో తామరాకునో నీళ్ళలో ముంచి పక్క నుంచి ఏటవాలుగా చూడండి, వెండి రేకులా మెరుస్తుంది. స్ఫటికాల మధ్య ఇరుక్కున్న గాలి పొర అది. నీటిలోంచి వచ్చే వెలుగు సుమారు 49 డిగ్రీలు దాటిన వాలులో ఆ గాలిని తాకితే లోపలికి పోకుండా పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. ఆ మెరుపు ఉన్నంతసేపూ నీళ్ళు మైనపు కొనలను మాత్రమే తాకుతున్నాయని అర్థం. ఆకును అలాగే ఉంచితే గాలి కొద్దికొద్దిగా నీటిలో కలిసిపోతుంది, మెరుపు మచ్చలు మచ్చలుగా చచ్చిపోతుంది. లోతుకు నొక్కితే ఇంకా త్వరగా పోతుంది. అప్పుడు ఆకును బయటికి తీస్తే తడిగా, చుక్కను పట్టుకునేదిగా ఉంటుంది. చూసినవాళ్ళు మైనం పోయిందనుకుంటారు. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఏమీ తాకకుండా మళ్ళీ చుక్క వేయండి. విదిలించే గుణం తిరిగొస్తే స్ఫటికాలు చెక్కుచెదరలేదన్నమాట, వాటి సందుల్లో నీళ్ళు నిండాయి అంతే. ఈ ఆరబెట్టి చూసే మెట్టు మీ ప్రయోగంలో లేదు. దయచేసి ప్రతి కొలతకూ ముందు దాన్ని చేర్చండి. తాత్కాలిక మార్పును, నిలిచిపోయే మార్పును వేరుచేసే పరీక్ష ఇంతకన్నా తేలికైనది నాకు తెలియదు.

మంచు కూడా ఇదే కోవలోది. పై నుంచి పడిన చుక్క కొనల మీద ఆగుతుంది. ఆవిరి చల్లబడి నీరైతే మాత్రం స్ఫటికాల సందుల్లోనే పుడుతుంది. అందుకే తామరాకు కూడా ఆవిరి పట్టినప్పుడు చుక్కను వదలకుండా పట్టుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆకును వెంటనే కొలిస్తే గదిలోని ఆవిరి దాని మీద చేరి అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి, గది వేడికి వచ్చి ఆరేదాకా ఆగండి. వేడి నీళ్ళ చుక్కలకూ ఇదే చిక్కు.

మూడోది, నీటితో పాటు వచ్చేవి. మీరు వాడింది కుళాయి నీరు. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటే చుక్క ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది. అది నీటిని ఇష్టపడే పదార్థం కాబట్టి తర్వాతి చుక్క అక్కడ పరుచుకుంటుంది, కింద మైనం భద్రంగా ఉన్నా సరే. ఇంకో తమాషా ఏమిటంటే ఆ తెలుపును మైనపు తెలుపు అనుకుని "మైనం పెరిగింది" అని రాసేవాళ్ళూ ఉంటారు. తేడా తెలుసుకోవడం తేలిక. పల్చటి వెనిగర్ చుక్క వేస్తే కార్బొనేటు మరక కరిగిపోతుంది, మైనానికి ఏమీ కాదు. పొడి వేలితో మెల్లగా రుద్దితే మైనం నలిగి మెరుస్తుంది, లవణం గరగరలాడుతుంది. బూడిద తెగులైతే భూతద్దంలో దారాల్లా కనిపిస్తుంది. ఈ గొడవ వద్దనుకుంటే ప్రధాన ప్రయోగమంతా స్వేదన జలంతో చేసి, కుళాయి నీటిని విడి పోలికగా పెట్టుకోండి.

సబ్బు, డిటర్జెంట్ ఆనవాలు ఉన్న గిన్నెలు, డ్రాపర్లు అసలు వాడొద్దు. నీటి తలతన్యత, అంటే చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే ఉపరితలపు బిగువు, గది వేడిలో మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. కొంచెం సబ్బు కలిస్తే 30కి అటూ ఇటూ పడిపోతుంది. అప్పుడు ఎంత మంచి మైనమున్నా చుక్క పరుచుకుంటుంది. మందు పిచికారీలో జిగురు, తడిపే ద్రవాలు కలిపేది ఇందుకే. ఆకు మీద బతికే కొన్ని సూడోమోనాస్ బ్యాక్టీరియాలు కూడా ఇలాంటి పదార్థాలనే సొంతంగా వదులుతాయి. ఎక్కువ రోజులు తడిగా ఉంచిన ఆకు ముక్క మీద చుక్క చదునైతే నీటిని, మైనాన్ని మాత్రమే కాదు, అక్కడ పెరిగిన సూక్ష్మజీవులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోసిన ఆకుతో చేసే ప్రయోగం రోజుల తరబడి సాగకూడదనేది ఇందుకే. దీర్ఘకాలం చూడాలంటే మొక్కకే ఉన్న ఆకును వాడండి.

నాలుగోది పెరుగుదల కాలంలోది. కణజాల వర్ధనం (చిన్న ముక్క నుంచి ల్యాబులో మొక్కను పెంచడం) సీసాల్లో, దాదాపు పూర్తి తేమలో పెరిగిన మొక్కల ఆకులకు పై మైనం చాలా తక్కువ. నేరుగా బయట పెడితే వాడిపోతాయి. అందుకే నెమ్మదిగా తేమ తగ్గిస్తూ అలవాటు చేస్తారు. పత్రరంధ్రాలు సరిగా మూసుకోకపోవడం కూడా అక్కడ పెద్ద కారణమే. నీటి కొరతను, ఎండను ఎదుర్కొన్న మొక్కలు దీనికి ఉల్టాగా మైనం ఎక్కువ పేరుస్తాయి. మీకు సమయం ఉంటే రెండు కుండీల్లో ఒకే విత్తనాలు వేసి, ఒకదాని మీద పారదర్శకమైన కవరు కప్పి తేమగా, ఇంకోటి తెరిచి పెంచండి. వెలుగు రెండింటికీ సమానంగా అందాలి, లేకపోతే ఏ కారణం వల్ల తేడా వచ్చిందో చెప్పలేరు. ఇక్కడ నీళ్ళు ఆకును ముట్టుకోకుండానే మైనాన్ని మార్చడం చూస్తారు.

మీ ప్రయోగాన్ని మళ్ళీ మొదలుపెడితే ఒకే మొక్క మీద, ఒకే వయసు ఆకుల్లో కొన్నిటిని అసలు ముట్టుకోకుండా వదిలేయండి. కొన్నిటి మీద చుక్కలు కొట్టండి, కొన్నిటి మీద నీటిని మెల్లగా పారించండి. ఒకదాన్ని నీళ్ళు లేకుండా పొడి దూదితో మీరు ఇన్నాళ్ళూ అద్దినట్టే అద్దండి. ఆ చివరి ఆకు లేకుండా ఈ ప్రాజెక్టు నిలబడదు. చుక్కలను తీయడానికి ఏదీ తాకించకండి, ఆకును వాల్చి దొర్లించండి, దొర్లకపోతే ఆరిపోనివ్వండి. ఆకును ఎప్పుడూ కాడ దగ్గరే పట్టుకోండి.

నీటిని ఆపే గుణం కూడా పోయిందా అని తెలుసుకోవాలంటే చుక్క చాలదని పైన చెప్పాను. దానికి ఆకును కోసి, కాడ కోసిన చోట వాజెలిన్ రాసి, చీకట్లో ఉంచి కొంత కొంత సేపటికి తూచండి. మొదట బరువు వేగంగా తగ్గుతుంది, పత్రరంధ్రాలు మూసుకున్నాక తగ్గుదల నెమ్మదించి నిలకడగా సాగుతుంది. ఆ రెండో భాగం వాలే చాలావరకు క్యూటికల్ గుండా పోయే నీరు. క్యాబేజీకి రెండు వైపులా పత్రరంధ్రాలు ఉంటాయి కాబట్టి తొందరపడి మొదటి అంకెలనే పోల్చకండి. ల్యాబులో టోలుయిడిన్ బ్లూ అనే నీలి రంగు ఉంటే 0.05 శాతం ద్రావణాన్ని రెండు నిమిషాలు ఉంచి కడగండి. నీలం మరక పడిన చోట క్యూటికల్‌కు గండి పడినట్టే. గోటి గాట్లు, గీతలు ముందు మరకపడతాయి, వాటిని విడిగా గుర్తించండి. తెలుపు పోయిన చోట మరక పడకపోతే, పై పూత నలిగినా లోపలి అడ్డు మిగిలే ఉందని మీ కళ్ళతో చూసినట్టు. మైనం తీయడానికి క్లోరోఫాం వాడతారని ఎక్కడో చదివి ఉంటారు. ఆవిరులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, అధ్యాపకుల పర్యవేక్షణ లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు. తుమ్మ బంకను పల్చగా పూసి, ఆరాక ఊడదీస్తే పై స్ఫటికాలు దానితో వచ్చేస్తాయి, మీ అవసరానికి అది చాలు.

చివరిగా, దెబ్బతిన్న చోట్లను పారేయకుండా గుర్తుపెట్టి అలాగే ఉంచండి. ఇంకా పెరుగుతున్న లేత ఆకుల మీద మైనం మళ్ళీ పుడుతుంది. చాలా మొక్కల్లో ముదురు ఆకులకు ఆ శక్తి తగ్గిపోతుంది, కొన్నిటికి ఉండదు. లోపల తయారైన మైనం పైకి ఎలా చేరుతుందన్నదానికి నైన్‌హుయిస్, కోచ్, బార్త్‌లాట్ 2001లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు: క్యూటికల్ గుండా కొద్దికొద్దిగా బయటికి పోయే నీటితో పాటే మైనం అణువులు కూడా పైకి వస్తాయని, ఆవిరితో స్వేదనం చేసినట్టు. అది నిజమైతే మైనాన్ని మళ్ళీ పైకి తెచ్చేవి కూడా నీళ్ళే అవుతాయి. మీరు తుడిచిన లేత ఆకును, ముదురు ఆకును మార్కర్‌తో పక్కన చుక్క పెట్టి వదిలేసి, వారానికోసారి వాలు పరీక్ష మాత్రం చేస్తూ ఉండండి. మార్కర్ సిరా కొలిచే చోటికి పాకకుండా దూరంగా పెట్టండి.